మొగలిలంక రేవులో రాజ్‌దూత్

తన కథ తన మొగుడి నోట్లోంచి వస్తుంటే సూర్యకళకి మొదట నవ్వొచ్చింది. గుళ్లోంచి వస్తూ పొరపాటున ఎవరి చెప్పులో వేసుకున్నట్టు, ఈయన కూడా మాటల వరసలో అటు జారాడేమో, ఇప్పుడే నాలిక్కరుచుకుని "ఇది నాది కాదండోయ్, మా ఆవిడది" అంటాడేమో అనుకుంది. ఆయన నాలిక్కరుచుకోలేదు సరికదా, మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక హోటలు మేడ మీది హాలు అది. పాత మోటారు సైకిళ్లంటే ప్రాణం పెట్టే డాక్టర్లూ ఆసాములూ లాంటి పెద్దమనుషులు కలిసి పెట్టుకున్న సంఘానికి ఆ సాయంత్రం వార్షికోత్సవం. ఈ ఏడాది కొత్తగా 'నా మొదటి బండి' అని ఒక కార్యక్రమం పెట్టారు. ఒక్కో సభ్యుడూ లేచి తను మొట్టమొదట నడిపిన బండి గురించి చెప్పాలి, బాగా చెప్పినవాళ్లకి బహుమానం. సభ్యులంతా ముందు వరసల్లో కూర్చున్నారు, వాళ్ల భార్యలు వెనక వరసల్లో. మగవాళ్ల చేతుల్లో మైకు తిరుగుతోంది, ఆడవాళ్ల చేతుల్లో బజ్జీల ప్లేట్లు తిరుగుతున్నాయి. ఈ ఏర్పాటు ప్రత్యేకంగా ఎవరూ చేసి ఉండరు, దానంతటదే అయిపోయి ఉంటుంది.

"అప్పటికి నేను ఇంటర్ చదువుతున్నానండి," అంటున్నాడు ఉదయభాస్కర్. "మా అమ్మమ్మకి ఒంట్లో అస్సలు బాగోలేదు. మందులేమో గోదారికి అవతల, మొగలిలంకలో ఒక వైద్యుడి దగ్గర మాత్రమే దొరికేవి. మా నాన్నగారికి రాజ్‌దూత్ ఉండేదండి. అది తీసుకుని రేవుకెళ్లాను. చూస్తే బళ్లు దాటించే పంటు లేదు. నావ ఉంది. ఒడ్డుకీ నావకీ మధ్య ఒకే ఒక్క బల్ల. ఈ మాత్రం వెడల్పు."

రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ బల్ల వెడల్పు ఆయనకి అలా చేతులతో చూపించింది సూర్యకళే. పెళ్లయిన కొత్తలో, దొడ్లో మంచం మీద కూర్చుని, నవ్వుతూ చూపించింది.

"గోదారి మంచి పోటు మీదుందండి. పోటు కదా, బల్ల నిట్టనిలువుగా కిందికి వాలిపోయి ఉంది. అందరూ వద్దురా బాబూ అంటున్నారు. నేను కళ్లు మూసుకుని, అమ్మమ్మని తలుచుకుని, బండి దింపేశానండి!"

హాలంతా చప్పట్లు. సూర్యకళ పక్కన కూర్చున్న హారతి, సంఘం అధ్యక్షుడు తాతాజీ గారి భార్య, మోచేత్తో మెల్లగా పొడిచి, "మీవారు ఇంత ధైర్యవంతులని ఎప్పుడూ చెప్పలేదేంటండీ" అంది.

సూర్యకళ ఏం చెప్తుంది? పోటు మీద బల్ల కిందికి వాలిందిట! సముద్రానికి దగ్గరగా ఉన్న రేవుల్లో పోటుకి నీళ్లు ఒడ్డంత ఎత్తున వస్తాయి, నావ పైకి తేలుతుంది, బల్ల ఇంట్లో అరుగులా చదునుగా ఉంటుంది. ఆటుకి నీళ్లు తీసేసి, నావ కిందికి దిగిపోయినప్పుడే బల్ల నిలువుగా వాలేది. రేవులో పుట్టిన పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. ముందు వరసల్లో కూర్చున్న ఒక్కరికీ అది తట్టలేదు. తాతాజీ గారిది జంగారెడ్డిగూడెం వైపు, పామాయిలు తోటల ఆసామి. ఆయనకి ఆటూ పోటూ ఏం తెలుస్తాయి? కళ్లు తుడుచుకుంటూ లేచి ఉదయభాస్కర్ని కావలించుకున్నాడు.

దొంగిలించినవాడు కనీసం సరిగ్గా దొంగిలించనైనా లేదు.

అసలు సంగతి ఇది. సూర్యకళ తండ్రి బుల్లియ్య రేవులో చేపలు కొని లంకల్లో అమ్మేవాడు. తలమీద బుట్ట పెట్టుకుని నడిచే రోజులు పోయి, ఒక పాలవాడి దగ్గర పాత రాజ్‌దూత్ కొన్నాడు. దాని వెనక తాటాకు బుట్ట కట్టి, బుట్టలో ఐసు, ఐసు మీద పండుగొప్పలూ మెత్తళ్లూ. ఆ బండి వస్తుంటే పెట్రోలులో కలిపిన ఆయిలు పొగా చేపల వాసనా కలిసి వీధి మొదట్లోనే తెలిసేది. ఆడపిల్లని కూర్చోబెట్టుకుని ఏటిగట్టు మీద బండి నేర్పింది కూడా ఆయనే. ఎందుకు నేర్పాడంటే, ఆ పిల్ల అడిగింది కాబట్టి. అంతకు మించి ఆయన ఆలోచించలేదు.

ఒక ఏడు ఆయనకి కామెర్లొచ్చి మంచాన పడ్డాడు. అప్పటికే కొన్న సరుకు మీద ఐసు కరిగిపోతోంది. తల్లి వీరమ్మ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. సూర్యకళ కాలేజీకని వేసుకున్న పరికిణీ దోపుకుని, బుట్ట కట్టుకుని, రేవుకి వెళ్లింది. ఆటు మీదుంది గోదారి. రేవులో మగాళ్లు నవ్వారు. ఒకడు ఈల కూడా వేశాడు. ఆ పిల్ల బండితో సహా బల్ల దిగి నావలో ఆగేసరికి ఈల వేసినవాడు నోరు మూసుకున్నాడు. లంకంతా తిరిగి చేపలన్నీ అమ్ముకుని ఇంటికొస్తే బుల్లియ్య మంచం మీంచి లేవలేక తల మాత్రం తిప్పి, "బండి కడిగావా అమ్మాయ్?" అన్నాడు. చేపల ఉప్పు నీళ్లు తగిలితే ఇనుము తుప్పు పడుతుందని ఆయన బెంగ. మెచ్చుకోలు కింద అంతకన్నా ఏమీ అనలేదు. సూర్యకళకి ఆ మాటే చాలింది. ఆయన లేచి తిరిగేదాకా ఆ బండి ఆ పిల్ల చేతిలోనే ఉంది.

అదీ కథ. అందులో అమ్మమ్మా లేదు, మందులూ లేవు. ఉదయభాస్కర్ అసలే లేడు.

మరి ఉదయభాస్కర్ మొదటి బండి ఏది? పెడలు తొక్కితే గానీ స్టార్టవని ఒక మోపెడ్. వంతెన ఎక్కలేక మధ్యలో ఆగిపోతే, దిగి నెట్టుకుంటూ కాలేజీకి వెళ్లేవాడు. పాపం, దేవీచౌక్ దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు బాగా నడిచాక, ఆ మోపెడ్ మీది సిగ్గంతా తీర్చుకుందామన్నట్టు పాత బళ్ల మీద పడ్డాడు. మొదట బుల్లెట్, తరవాత యెజ్డీ, ఆ తరవాత ఇంకేదో. ఆదివారం వచ్చిందంటే మనిషి ఇంట్లో ఉండడు. ఉన్నా షెడ్డులో ఉంటాడు. ఒళ్లంతా గ్రీజు, గోళ్లనిండా నలుపు, అన్నానికి పిలిస్తే "ఒక్క నట్టు" అంటాడు.

సూర్యకళ దీనికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. సంఘంలో మిగతా భార్యల్లాగా "ఆ తుప్పు సామాను అమ్మేస్తారా, నన్ను పుట్టింటికి పంపిస్తారా" అని ఏనాడూ అనలేదు. పైగా స్పానరు ఏ సైజుదో అడక్కుండానే అందించేది. ఒక్క షరతు పెట్టింది. బుల్లియ్య పోయాక ఆ రాజ్‌దూత్‌ని ఇంటికి తెచ్చుకుంది. షెడ్డులో ముందు చోటు దానిది. దాన్ని అమ్మకూడదు, రంగు మార్చకూడదు. ఉదయభాస్కర్ సరేనన్నాడు. ఆయన షరతు ఆయనా పెట్టాడు. అది పెళ్లైన మొదటివారంలోనే పెట్టాడు. "మా వీధిలో ఆడవాళ్లు మోటారు సైకిలు నడపరు కళా. నాకు తలవంపులుగా ఉంటుంది. కావాలంటే స్కూటీ కొంటాను."

కొన్నాడు కూడా. చూడండి ఎంత విచిత్రమో. అదే రోడ్డు, అవే రెండు చక్రాలు. కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుంటే ఆడదానికి మర్యాద, దూరంగా పెట్టుకుంటే మొగుడికి తలవంపులు. సూర్యకళ అప్పుడు కొత్తపెళ్లికూతురు, ఒప్పుకుంది. నాన్న రాజ్‌దూత్ ఇంటికొచ్చాక కూడా శుక్రవారం శుక్రవారం దాన్ని కడిగి, బొట్టు పెట్టి, గేటు మూసి ఉంచి దొడ్లో ఆ చివరినుంచి ఈ చివరికి ఒక్కసారి నడిపి మళ్లీ షెడ్డులో పెట్టేసేది. రోడ్డెక్కించేది మాత్రం ఆయన.

సభలో మొదటి బహుమానం ఎవరికో వేరే చెప్పాలా? చెక్క పలక మీద ఇత్తడి మోటారు సైకిలు బొమ్మ, కింద ఉదయభాస్కర్ పేరు. ఇంటికొచ్చాక ఆయన ఈలపాట పాడుకుంటూ ఆ బొమ్మని టీవీ పక్కన పెట్టుకుని, దూరంనుంచి ఒకసారి, దగ్గర్నుంచి ఒకసారి చూసుకున్నాడు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే సూర్యకళ బజారుకెళ్లి మెత్తళ్లు తెచ్చింది. ఎప్పుడూ పెరట్లో కూర్చుని బాగుచేసేది, ఆ రోజు కత్తిపీట తెచ్చి వీధి గుమ్మం మెట్ల మీద వేసుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారు. ఉదయభాస్కర్ పేపరు పట్టుకుని బయటికొచ్చి గతుక్కుమన్నాడు.

"ఏంటి కళా, ఇక్కడ కూర్చున్నావ్?"

"మందులు తెచ్చానండి. మీ అమ్మమ్మకి," అంది సూర్యకళ, తల ఎత్తకుండా.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అదా. ఏదో సరదాకి చెప్పాన్లే. అందరూ చెప్తున్నారు, నేనూ..."

"మీ మోపెడ్ సంగతి చెప్పచ్చుగా."

"అది చెప్తే నవ్వుతారు."

"అందుకని నాది చెప్పారు."

"నీదీ నాదీ ఏంటి కళా? మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ అని ఉంటుందా? మనింటి కథేగా!"

"అలాగా. అయితే మనింటి బుల్లెట్ మీద ఇప్పుడు నేను కోటగుమ్మం దాకా వెళ్లొస్తాను. తాళం ఇవ్వండి."

ఉదయభాస్కర్ చెయ్యి జేబులోని తాళం మీదికి పోయింది.

"మనది అనే మాట మీకు ఒక్కవైపే తిరుగుతుందండి," అంది సూర్యకళ. చేతిలో చేపని బూడిదలో ముంచి గట్టిగా పట్టుకుంది. "పోనీ, చెప్పినవారు ఉన్నదున్నట్టు చెప్పారా? చేపలెక్కడికి పోయాయండీ? మా నాన్న బుట్ట ఎక్కడికి పోయింది? ఆ చేపలమ్మే నన్ను చదివించాడు. ఆ వాసన మీ తాతల ఇంట్లోనూ ఉండేది, మీ తాత వల వేసినవాడే. డాక్టర్ల ముందూ తోటల ఆసాముల ముందూ చేపలని చెప్పడానికి నోరు రాలేదు మీకు. బండికి రంగు మార్చనని మాటిచ్చారు. దాని బతుక్కి మాత్రం సున్నం కొట్టేశారు!"

ఎదురింటావిడ ముగ్గు ఆపి మరీ వింటోంది. ఉదయభాస్కర్ పేపరుతో సహా లోపలికి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం మెత్తళ్ల పులుసు మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇది ఇంతటితో పోయేదే. ఆడవాళ్ల కోపాలు ఎన్ని ఇలా పులుసులో కలిసిపోలేదు? కానీ ఆ మరుసటి వారం తాతాజీ గారు ఫోను చేశారు. స్పీకరు పెట్టి ఉంది, వంటింట్లోకి వినిపిస్తోంది.

"భాస్కర్ గారూ, మన సభ్యులంతా ఒకటే పట్టు పట్టారండి. వచ్చే రైడు మొగలిలంక రేవుకే పెట్టేశాం. ఇప్పటికీ అక్కడ నావా బల్లా ఉన్నాయిటండి, కనుక్కున్నాను. మీరు ఆ రాజ్‌దూత్ తేవాలి. మేమంతా ఒడ్డున నిలబడి చూస్తాం, వీడియో తీయిస్తాం. కాదనకూడదు!"

"అబ్బే, ఎందుకండీ ఇప్పుడు..." అంటున్నాడు ఉదయభాస్కర్. అవతల అప్పటికే పెట్టేశారు.

ఆ రోజునుంచి ఆయన మొహం చూడాలి. అన్నం సయించదు. షెడ్డులోకి వెళ్లి రాజ్‌దూత్ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఒకరోజు ఇటుకల మీద పలక ఏటవాలుగా పెట్టి దాని మీద యెజ్డీ దింపబోయి కరివేపాకు చెట్టులో పడ్డాడు. సూర్యకళ కిటికీలోంచి చూసి పలకరించలేదు. చివరికి తనే వచ్చాడు.

"కళా, ఆ బల్ల మీంచి ఎలా దింపావు నువ్వు? బ్రేకు పట్టుకోవాలా, వదిలెయ్యాలా?"

సూర్యకళకి ఒళ్లు మండిపోయింది. కథ ఎత్తుకెళ్లింది చాలక, ఇప్పుడు దానికి పనిముట్లు కూడా తననే అడుగుతున్నాడు!

"కళ్లు మూసుకుని అమ్మమ్మని తలుచుకోవాలండి," అంది. "మీరే చెప్పారుగా."

"వేళాకోళం కాదు. పడ్డానంటే పరువు పోతుంది."

"నా పరువు పోయినప్పుడు చప్పట్లు కొట్టించుకున్నారు. ఇప్పటికైనా తాతాజీ గారికి ఫోను చేసి నిజం చెప్పండి. చెప్తే, ఎలా దింపాలో నేను చెప్తాను."

"అదొక్కటి అడక్కు."

"అయితే ఇదొక్కటి అడగొద్దు."

అలా బేరం తెగలేదు. ఆయన ఎందుకు మొండికేశాడో సూర్యకళకి తెలుసు. చివరి నిమిషంలో పెళ్లాం ఎలాగూ కరిగిపోతుందని ఆయన ధీమా. షర్టు గుండీ ఊడిన దగ్గర్నుంచి కొట్టు లెక్కలు తేలని రోజుల దాకా, ఎప్పుడు కరగలేదు గనక!

రైడు రోజు పొద్దున్నే వేమగిరి దాటి, రావులపాలెం మీదుగా, రాజోలు వైపు వరసగా బళ్లు సాగాయి. బుల్లెట్లు, యెజ్డీలు, వెనకాల రెండు కార్లలో టిఫిన్లూ ఆడవాళ్లూ. సూర్యకళ కారెక్కనంది. "నాన్న బండి వెళ్తోంది, నేనూ దాని మీదే వస్తాను," అని ఉదయభాస్కర్ వెనక కూర్చుంది. దారిపొడుగునా కొబ్బరి చెట్ల నీడ మొహం మీద పడుతూ పోతూ ఉంటే, బండి ఎక్కడ గేరు మార్చమంటోందో ఆవిడ కాలికి ముందే తెలుస్తోంది. ఆయన మాత్రం ప్రతిసారీ ఆలస్యంగా మారుస్తున్నాడు. ఇంజను గింజుకుంటోంది. సూర్యకళ పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

రేవు చేరేసరికి ఆటు. నీళ్లు బాగా తీసేసి బురద బయటపడింది. నావ ఎక్కడో కిందుంది. ఒడ్డు మీంచి దానిలోకి ఒక మందపాటి చెక్కబల్ల, గోడకి వేసిన నిచ్చెనకన్నా కాస్త మెరుగ్గా వాలి ఉంది. నావ నడిపే అచ్చిబాబు గెడ నేలలో గుచ్చి నిలబడి ఈ బళ్లనీ జనాన్నీ వింతగా చూశాడు.

"ఏ బండండి దింపేది? నలుగురం పట్టుకుని దింపుతామండి, ఆయ్," అన్నాడు.

"పట్టుకుంటే ఇంక చూడ్డానికి ఏముందయ్యా? ఈయన నడుపుకుంటూ దిగుతారు," అన్నారు తాతాజీ గారు.

అచ్చిబాబు ఉదయభాస్కర్‌ని కిందినుంచి పైదాకా చూశాడు. "అయితే మజ్జాన్నం దాకా ఆగండి బాబూ. పోటొస్తాది, బల్ల సదునైపోతాది."

తాతాజీ గారు మొహం చిట్లించారు. "అదేంటండీ భాస్కర్ గారూ? పోటుకే బల్ల నిలువుగా ఉందన్నారు కదా మీరు?"

"అప్పుడు... అప్పటి రేవు వేరండి," అన్నాడు ఉదయభాస్కర్. అచ్చిబాబు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు.

ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. చుట్టూ ఫోన్లు లేచాయి. ఉదయభాస్కర్ హెల్మెట్ బిగించుకుని, బండి స్టార్టు చేసి, ముందు చక్రం బల్ల మీదికి తెచ్చాడు. బల్ల కిర్రుమంది. ఆయన బ్రేకు బిగించి తొక్కి ఉంచడం వెనక నిలబడ్డ సూర్యకళకి కనిపిస్తోంది. పరువు కోసం మనిషి నిజంగానే దిగేట్టున్నాడు. దిగితే మాత్రం నేరుగా బురదలోకే. ఆయనకి ఏ కాలో చెయ్యో విరుగుతుంది, బండి మెడ విరుగుతుంది. ఈయన అబద్ధానికి మా నాన్న బండి ఎందుకు బురదలో పడాలి అనుకుంది సూర్యకళ. గబగబా వెళ్లి హ్యాండిలు పట్టుకుని ఇంజను ఆపేసింది.

"కళా," అన్నాడాయన గుసగుసగా, ప్రాణం లేచొచ్చినట్టు. "నాకు తెలుసు నువ్వు... చెప్పు, ఎలా దింపాలి?"

"ముందు మీరు చెప్పండి. ఇక్కడ ఎవరు దింపారో. గట్టిగా."

"ఇప్పుడా? ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే కదా ఎత్తుకెళ్లింది."

ఆయన బతిమాలుతున్నట్టు చూశాడు. ఆవిడ హ్యాండిలు వదల్లేదు. ఆయన గొంతు సవరించుకుని జనం వైపు తిరిగాడు. "అంటే, ఈ బండి అసలు మా మామగారిదండి."

ఎవరో నవ్వారు. ఆయన సూర్యకళ వైపు చూశాడు. చాల్లేదని ఆవిడ మొహమే చెప్తోంది.

"మా ఆవిడకి కూడా దీని మీద కాస్త అలవాటుందండి. అప్పట్లో మేమిద్దరం..."

"ఇద్దరం ఎక్కడండీ!" సూర్యకళ గొంతు అవతలి ఒడ్డుకి వినిపించేలా లేచింది. "అప్పటికి మీరెవరో నాకు తెలీదు!"

ఉదయభాస్కర్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"దింపింది మా ఆవిడేనండి," అన్నాడు. "నేను కాదు. నేను ఈ రేవు చూడ్డం ఇదే మొదలు."

"బుట్టలో ఏముంది?" అంది సూర్యకళ.

ఇది ఆయనకి మొదటిదానికన్నా కష్టమైంది. సంఘంలోని ఒక డాక్టరు గారి వైపు చూశాడు, తాతాజీ గారి వైపు చూశాడు, కాళ్ల కింద బురద వైపు చూశాడు. "చేపలండి. మా మామగారు చేపలమ్మేవారు. ఆయనకి జబ్బు చేస్తే ఈవిడ పట్టుకెళ్లి అమ్మింది."

తాతాజీ గారే ముందు తేరుకుని పెద్దగా నవ్వేశారు. "భలేవారే! పోన్లెండి, సరదా. అయినా ఇప్పుడెందుకు మేడమ్, ఆడవాళ్లు పడితే బాగుండదు. మావాళ్లు నలుగురు పట్టుకుని దింపేస్తారు."

మగవాడు పడితే బాగుంటుంది కాబోలు! సూర్యకళ చున్నీ నడుముకి బిగించి కట్టింది. మొగుణ్ణి దిగమంది. బండెక్కి కూర్చున్నాక అప్పుడు భయం తెలిసింది. దొడ్లో నాలుగు అడుగులు నడపడం వేరు, ఇది వేరు. వయసు కూడా అప్పటిది కాదు. ఇంజను ఆపే ఉంచి, ఫస్టు గేరులో పెట్టి, క్లచ్చి కొద్దికొద్దిగా నొక్కింది. ఇంజను బండిని పట్టి ఉంచుతుంది, క్లచ్చి ఎంత నొక్కితే అంత జారుతుంది. బ్రేకు ముట్టుకోకూడదు, కిందికి చూడకూడదు, నావ అవతలి అంచు చూడాలి. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు ఆవిడకి అప్పట్లో. బల్ల మధ్యలో ఒకసారి ఊగింది. ఒడ్డున ఎవరో కెవ్వుమన్నారు. ముందు చక్రం నావలో పడింది, వెనక చక్రం పడింది, అచ్చిబాబు "ఆయ్!" అని గెడ పైకెత్తాడు.

చప్పట్లు కొట్టింది ముందుగా కార్ల దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు.

మిగతావాళ్లు బళ్లు ఒడ్డునే వదిలి నావెక్కారు. ఉదయభాస్కర్ ఒక మూల నిలబడ్డాడు. గోదారి మధ్యకి వచ్చేసరికి తాతాజీ గారు సర్దుబాటుకి దిగారు.

"మేడమ్, వచ్చే సభలో మీకు కూడా తప్పకుండా ఒక మెమెంటో ఇస్తాం. ఉత్తమ సహధర్మచారిణి అని!"

సూర్యకళ ఆయన్ని తేరిపార చూసింది. "మీరు బహుమానం ఏ కథకిచ్చారండీ?"

"అదే, ఈ రేవు కథకి..."

"ఆ కథ నాది. నేను ఎవరి పక్కనో నిలబడ్డందుకు నాకేం ఇవ్వక్కర్లేదండి. టీవీ పక్కన ఒకటుంది. దాని మీద పేరు మార్చి ఇవ్వండి చాలు."

తాతాజీ గారు అవతలి ఒడ్డు వైపు చూపు తిప్పుకున్నారు. ఆయన పక్కనుంచి హారతి మెల్లగా అంది, "నాక్కూడా మొదటి బండి ఒకటుందండి సూర్యకళ గారూ. మా నాన్నగారి ట్రాక్టరు. ఎవరూ అడగలేదు." తాతాజీ గారు భార్య వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశారు.

లంకలో టిఫిన్లయ్యాయి, ఫొటోలయ్యాయి. తిరిగి ఇవతలి ఒడ్డుకి వచ్చేసరికి అచ్చిబాబు అన్నట్టే పోటొచ్చి బల్ల చదునైంది. ఉదయభాస్కర్ అలవాటుకొద్దీ హ్యాండిలు మీద చెయ్యేశాడు. సూర్యకళ అరచెయ్యి చాపింది.

"తాళం."

"చెప్పాను కదా కళా అందరిలో. ఇంకా కోపమేనా?"

"చెప్పినందుకు బురదలో పడకుండా తప్పించాను. ఆ బేరం అక్కడికి సరి. పెళ్లైన మొదటివారంలో ఒక షరతు పెట్టారు చూడండి, అది ఇవాళ్టితో రద్దు. వెనక కూర్చుంటారో, రాజోల్లో బస్సెక్కుతారో మీ ఇష్టం."

సభ్యులంతా ఎవరి బండి వాళ్లు తుడుచుకుంటూ ఇటే చెవులు పెట్టారు. ఉదయభాస్కర్ తాళం ఆవిడ చేతిలో పెట్టి, వెనక సీటు మీద ఎలా కూర్చోవాలో తెలియనివాడిలా కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు పాపం. రావులపాలెం దాకా గాల్లో ఉంచి, అక్కడ లారీ ఎదురయ్యాక ఆవిడ భుజం పట్టుకున్నాడు. దారిలో ఒక్కసారి మాత్రం, "గేర్లు ఎంత మెత్తగా మారుస్తున్నావు" అన్నాడు. సూర్యకళ వినిపించనట్టు ఊరుకుంది. వినిపించింది.

రాజమండ్రి వచ్చేసరికి సాయంత్రమైంది. వాళ్ల వీధి మలుపు కనిపించగానే వెనక ఆయన కదిలాడు. అరుగుల మీద మనుషులున్నారు. ఎదురింటావిడ గేటు దగ్గరే ఉంది. కొట్టుకి రోజూ వచ్చే నలుగురూ కిళ్లీకొట్టు దగ్గర నిలబడి ఉన్నారు.

"కళా," అన్నాడు చెవి దగ్గరికి వంగి. "ఇక్కడ దింపెయ్యి. నేను నడిచొస్తాను."

"నేను బండి నడుపుకుంటూ వస్తే తలవంపులన్నది ఈ వీధిలోకేనా అండీ?" అంది సూర్యకళ.

ఆవిడ ఆగలేదు. గేరు తగ్గించి, హారను మీద బొటనవేలు పెట్టి, ఆయిలు పొగ వదులుతూ వీధి మధ్యలోంచి ఇంటిదాకా నింపాదిగా నడిపింది. గేటు ముందు ఆగి, దిగకుండానే అంది.

"దిగి గేటు తీయండి. బండి కడగాలి."